కంప్యూటరుకు ఎస్.ఎం.పి.ఎస్. కొనేటప్పుడు లేబుల్ చదవండి

ఉపకార వేతనం చేతికందిన ఇళ్ళలో మొదట వచ్చే చర్చ సాధారణంగా కంప్యూటరు గురించే. లాప్‌టాప్ కొనాలా, డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకోవాలా అని. ఇంట్లో ఒకచోట కూర్చుని చదువుకునే విద్యార్థికి డెస్క్‌టాప్ మంచి ఎంపికే. అదే డబ్బుకు పని ఎక్కువ చేస్తుంది, ఏదైనా భాగం పాడైతే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు, తరువాత చదువుకునే తమ్ముడికో చెల్లెలికో పనికొస్తుంది. అయితే షాపులో కొటేషన్ రాయించుకునేటప్పుడు మనం ప్రాసెసర్ గురించి పదిసార్లు అడుగుతాం. రామ్ ఎంత, హార్డ్ డిస్క్ ఎంత, మానిటర్ ఎన్ని అంగుళాలు అని అడుగుతాం. చివర్లో “క్యాబినెట్ విత్ ఎస్.ఎం.పి.ఎస్.” అని ఒకే వరుసలో రాసి ఉన్నదాని గురించి మాత్రం ఎవరూ అడగరు. ఈ వ్యాసం ఆ ఒక్క వరుస గురించే.

ఎందుకు అడగాలో చెప్పడానికి మా ఇంట్లో జరిగిందే చెప్తాను. 2019లో మా అన్నగారి అమ్మాయి ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. అంతకు రెండేళ్ళ ముందు కొన్న అసెంబుల్డ్ కంప్యూటరు ఉంది. ప్రాజెక్టు పనికి అవసరమని దాంట్లో ఒక గ్రాఫిక్స్ కార్డు వేయించాం. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్.ఎం.పి.ఎస్. మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంది. సరిపోతుందని షాపతను అన్నాడు, నేనూ తలూపాను. ఆరు వారాలు బాగానే నడిచింది. ఒకరోజు సాయంత్రం టప్పున శబ్దం, వెంటనే కాలిన వాసన. ఎస్.ఎం.పి.ఎస్. ఒక్కటే పోయి ఉంటే బాధ లేదు. పోతూ పోతూ మదర్‌బోర్డును, హార్డ్ డిస్కును కూడా తీసుకుపోయింది. ప్రాజెక్టు రిపోర్టు ఆ డిస్కులోనే ఉంది, సమర్పించడానికి పదకొండు రోజులే గడువుంది. పిల్ల రాత్రింబగళ్ళు కూర్చుని మళ్ళీ టైపు చేసుకుంది. వేరే చోట ఒక కాపీ పెట్టుకోకపోవడం మా తప్పే. కానీ తరువాత ఆ పాత డబ్బాను తిరగేసి లేబుల్ చదివితే, ఆ తప్పు కన్నా ముందే మరో తప్పు చేశామని అర్థమైంది.

ఈ డబ్బా ఏం చేస్తుంది?

మన ఇంటి గోడలో వచ్చేది 230 వోల్టుల ఎ.సి. కరెంటు. కంప్యూటరు లోపలి భాగాలకు కావలసింది తక్కువ వోల్టుల డి.సి. కరెంటు. ముఖ్యంగా మూడు రకాలు: 12 వోల్టులు, 5 వోల్టులు, 3.3 వోల్టులు. ఈ మార్పిడి చేసే పెట్టెకే స్విచ్ మోడ్ పవర్ సప్లై అని పేరు. మనం పొట్టిగా ఎస్.ఎం.పి.ఎస్. అంటున్నాం. లోపల జరిగేది ఇది: ఎ.సి. ని ముందు డి.సి. గా మారుస్తుంది. అప్పుడు అది సుమారు 325 వోల్టులు ఉంటుంది. దాన్ని సెకనుకు కొన్ని పదివేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తూ ముక్కలు ముక్కలుగా చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి, అవతల తక్కువ వోల్టేజీగా తీసి, వడకట్టి సాపు చేస్తుంది. ఆ ‘స్విచ్’ అనే మాట ఈ ఆన్, ఆఫ్ నుంచే వచ్చింది. ఇంత వేగంగా తెంపి పంపడం వల్లనే అరచేతిలో పట్టేంత ట్రాన్స్‌ఫార్మర్‌తో పని జరుగుతోంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ 325 వోల్టులను నిలవ ఉంచే కెపాసిటర్ లోపల ఉంటుంది. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా అందులో కొంతసేపు కరెంటు మిగిలి ఉండవచ్చు. కంప్యూటరు క్యాబినెట్ విప్పి రామ్ మార్చడం పిల్లలు నేర్చుకోవలసిన పనే. ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను విప్పడం మాత్రం ఇంట్లో ఎవరూ చేయకూడదు.

మంచి ఎస్.ఎం.పి.ఎస్. కు, నాసి రకానికి తేడా రెండుచోట్ల తెలుస్తుంది. మొదటిది, బరువైన పని పడినప్పుడు కూడా వోల్టేజీ నిలకడగా ఉండటం. ఎ.టి.ఎక్స్. ప్రమాణం ప్రకారం 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 లోపల ఉండాలి, అంటే అటూ ఇటూ 5 శాతం. రెండోది, తనకు ప్రమాదం వచ్చినప్పుడు తానొక్కటే నిశ్శబ్దంగా ఆగిపోవడం. నాసిది అలా ఆగదు. మా ఇంట్లో జరిగింది అదే.

లేబుల్ ఎలా చదవాలి?

ఏ ఎస్.ఎం.పి.ఎస్. కైనా పక్కన ఒక పట్టిక అంటించి ఉంటుంది. పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్ల సంఖ్యను కాసేపు పక్కనపెట్టి ఆ పట్టికలో ‘ప్లస్ 12 వోల్టులు’ అన్న గడి కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. ఇది మన పిల్లలు పదో తరగతి భౌతికశాస్త్రంలో చదువుకున్న లెక్కే, పరీక్ష తరువాత కూడా ఒకసారి పనికొస్తుంది.

మా పాత డబ్బా మీద 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లు అని ఉంది. 12 ఇంటూ 16, 192 వాట్లు. అంటే పైన 450 అని ఉన్నా, అసలు పనికొచ్చేది 192 మాత్రమే. అదీ ఆ లేబుల్ నిజం చెప్తోందని నమ్మితే. మంచి 450 వాట్ల డబ్బా మీద అదే గడిలో 36 ఆంపియర్ల దాకా ఉంటుంది. 12 ఇంటూ 36, 432 వాట్లు. రెండింటి మీదా పెద్ద అక్షరాల సంఖ్య ఒకటే. లోపలి సరుకు సగానికి సగం తేడా.

మిగతా వాట్లు ఎక్కడికి పోయాయి అని మీకు సందేహం రావచ్చు. అవి 5 వోల్టులు, 3.3 వోల్టుల గళ్ళలో ఉంటాయి. దీని వెనుక చిన్న చరిత్ర ఉంది. ఎ.టి.ఎక్స్. అనే ఈ నమూనాను ఇంటెల్ 1995లో తెచ్చింది. అప్పటి ప్రాసెసర్లు 5 వోల్టుల, 3.3 వోల్టుల లైన్ల మీద బతికేవి కాబట్టి ఆ లైన్లు బలంగా ఉండేవి. 2000లో పెంటియం 4 వచ్చినప్పుడు ప్రాసెసర్‌కు విడిగా 12 వోల్టులు ఇచ్చే నాలుగు పిన్నుల కనెక్టర్ వచ్చింది. అప్పటి నుంచి బరువంతా 12 వోల్టుల మీదికి మారింది. ఈనాటి కంప్యూటరులో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్లు అన్నీ దాని మీదే ఆధారపడతాయి. అయినా ఆ పాత డిజైన్‌నే తక్కువ ఖర్చుతో తయారుచేసి, ఐదు వోల్టుల వాట్లను కూడా కలిపి పెద్ద సంఖ్య రాసి అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. గుర్తు పట్టడానికి ఒక ఉపాయం చెప్తాను. లేబుల్ పట్టికలో ‘మైనస్ 5 వోల్టులు’ అనే గడి కనిపిస్తే అది చాలా పాత డిజైన్ అని అర్థం. ఆ లైను అవసరం 2000 దశకం తొలి సంవత్సరాల్లోనే పోయింది, ప్రమాణం నుంచి కూడా తీసేశారు. (‘మైనస్ 12 వోల్టులు’ వేరు. అది మంచి వాటిలో కూడా ఉంటుంది. రెంటినీ కలగలపవద్దు.)

అసలు లేబుల్ మీద 12 వోల్టుల ఆంపియర్లు రాయనే రాయలేదనుకోండి, అప్పుడు చర్చ అవసరం లేదు. ఆ డబ్బాను బల్ల మీదే పెట్టి వచ్చేయండి.

మనకు ఎన్ని వాట్లు కావాలి?

ఇక్కడ తల్లిదండ్రులను రెండు వైపులా భయపెడతారు. ఒకరు ఏదైనా చాలులే అంటారు. ఇంకొకరు 750 వాట్లు లేకపోతే కంప్యూటరు నడవదు అంటారు. రెండూ సరికాదు. కాగితం మీద లెక్క వేసుకుందాం.

విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని విద్యార్థి కంప్యూటరు తీసుకుందాం. రైజెన్ 5 5600జి లాంటి ప్రాసెసర్ బాగా పని చేస్తున్నప్పుడు సుమారు 88 వాట్ల దాకా తీసుకుంటుంది. ఇంటెల్ కోర్ ఐ3 12100 గరిష్ఠంగా 89 వాట్లు అని కంపెనీయే చెప్తుంది. మదర్‌బోర్డు, రామ్ కలిపి ఒక 40 అనుకుందాం. ఎస్.ఎస్.డి., హార్డ్ డిస్క్, ఫ్యాన్లు కలిపి 20. మొత్తం 150 వాట్లు దాటదు, అదీ అన్నీ ఒకేసారి గట్టిగా పని చేస్తే. వర్డ్‌లో టైపు చేసుకుంటున్నప్పుడు, పాఠాలు వింటున్నప్పుడు అందులో సగం కూడా ఉండదు. కాబట్టి నిజాయితీగా తయారైన 400 లేదా 450 వాట్ల డబ్బా ఈ కంప్యూటరుకు ధారాళంగా సరిపోతుంది.

గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడో తరువాతో వేస్తారా అన్నదే అసలు ప్రశ్న. మదర్‌బోర్డు స్లాటు ద్వారా కార్డుకు 75 వాట్లు మాత్రమే అందుతాయి. జి.టి.ఎక్స్. 1650 లాంటి కార్డు ఆ 75 లోపలే సర్దుకుంటుంది. (అదే పేరుతో విడిగా వైరు అడిగేవి కూడా ఉన్నాయి, చూసుకోండి.) దానికి మంచి 450 చాలు. ఆర్.టి.ఎక్స్. 3050 లో 8 జి.బి. రకం 130 వాట్లు తీసుకుంటుంది, విడిగా వైరు కావాలి, 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. ఉండాలని కంపెనీ చెప్తుంది. అదే 3050 లో 6 జి.బి. రకం 70 వాట్లతో స్లాటు మీదే నడుస్తుంది, దానికి 300 వాట్లు చాలంటారు. పేరు ఒకటే, ఆకలి వేరు. రెండేళ్ళ తరువాత యానిమేషన్, ఆర్కిటెక్చర్, మెషీన్ లెర్నింగ్ లాంటి చదువుల వల్ల కార్డు వేసే అవకాశం ఉందనుకుంటే మొదటే 550 తీసుకోవడం తెలివైన పని. ఆ ఆలోచన లేకపోతే ఆ తేడా డబ్బుతో ఎస్.ఎస్.డి. పెద్దది తీసుకోండి.

ఎక్కువ వాట్ల డబ్బా పెడితే కరెంటు బిల్లు పెరుగుతుందేమో అని చాలామంది అడుగుతారు. పెరగదు. కంప్యూటరు అడిగినంతే అది ఇస్తుంది. బిల్లును మార్చేది దాని సామర్థ్యం, అంటే మార్పిడిలో ఎంత వేడిగా వృథా అవుతుందన్నది. దీన్ని కొలిచి ఇచ్చే గుర్తే ‘80 ప్లస్’. ఈ పద్ధతి 2004లో మొదలైంది. బ్రాంజ్ గుర్తు ఉన్నది సగం లోడు దగ్గర 85 శాతం సామర్థ్యం చూపాలి. కంప్యూటరుకు 100 వాట్లు కావాలంటే బ్రాంజ్ డబ్బా గోడ నుంచి సుమారు 118 వాట్లు తీసుకుంటుంది. 70 శాతం సామర్థ్యం ఉన్న నాసిది 143 తీసుకుంటుంది. తేడా 25 వాట్లు. రోజుకు ఆరు గంటల చొప్పున ఏడాదికి మూడు వందల రోజులు వాడితే 45 యూనిట్లు. అదేమీ పెద్ద పొదుపు కాదు. నా ఉద్దేశంలో బ్రాంజ్ గుర్తు విలువ బిల్లులో కాదు, ఆ మోడల్‌ను ఎవరో ఒకరు పరీక్షశాలలో పూర్తి లోడు పెట్టి కొలిచారు అన్నదాంట్లో ఉంది. 450 అని చెప్పి 192 ఇచ్చేది ఆ పరీక్ష దాటలేదు. గుర్తును ఊరికే అచ్చువేసేవాళ్ళూ ఉంటారు కాబట్టి మోడల్ పేరు 80 ప్లస్ వారి వెబ్‌సైటులో వెతికి చూసుకోవాలి. సిల్వర్, గోల్డ్ వగైరా బడ్జెట్ కంప్యూటరుకు అవసరం లేదు, చవకలో దొరికితే వద్దనక్కరలేదు.

ఒకటి గుర్తుంచుకోండి. 80 ప్లస్ అనేది సామర్థ్యాన్ని చూసే పరీక్ష, భద్రతా పరీక్ష కాదు. భద్రతకు రెండు చూడాలి. ఒకటి, మన దేశపు బి.ఐ.ఎస్. రిజిస్ట్రేషన్ గుర్తు. దాని కింద ఇంగ్లీషు ‘ఆర్’ అక్షరం, గీత, తరువాత ఎనిమిది అంకెలు ఉంటాయి. ‘బి.ఐ.ఎస్. కేర్’ అనే మొబైల్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ తయారీదారుకు, ఏ వస్తువుకు ఇచ్చిందో చూపిస్తుంది. షాపులో నిలబడి రెండు నిమిషాల్లో చూడవచ్చు. రెండోది, పెట్టె మీద రాసే రక్షణల జాబితా: వోల్టేజీ ఎక్కువైతే, తక్కువైతే, లోడు మించితే, షార్ట్ సర్క్యూట్ అయితే, వేడి మించితే ఆగిపోయే ఏర్పాట్లు. ఈ ఐదూ ఉన్నాయని రాసి ఉండాలి.

ఏ కంపెనీది కొనాలో ఇక్కడ రాయడం లేదు. దాచుకోవడానికి కాదు, ఒకే కంపెనీ పేరుతో మంచి మోడలూ, పైపైన నడిచే మోడలూ రెండూ వస్తాయి కాబట్టి. కంపెనీ పేరు కాక మోడల్ నంబరు రాసుకుని, దాన్ని విప్పి పరీక్షించిన సమీక్ష దొరుకుతుందేమో చూడమని మీ పిల్లలకు చెప్పండి. బరువుగా ఉంటే మంచిది అనే పాత సామెత లాంటి మాట ఒకటి ఉంది. ఒకప్పుడు అందులో కొంత నిజం ఉండేది. ఇప్పుడు మంచి డిజైన్లు తేలికగా కూడా వస్తున్నాయి, కాబట్టి చేత్తో తూచి నిర్ణయించవద్దు.

మన ఇళ్ళ కరెంటు, మన ఊళ్ళ గాలి

ఎంత మంచి ఎస్.ఎం.పి.ఎస్. అయినా గోడ సరిగా లేకపోతే కష్టమే. కంప్యూటరు క్యాబినెట్ ఇనుము తాకితే చిన్నగా జిల్లుమంటోందని కొందరు చెప్తారు. దాని అర్థం ఎస్.ఎం.పి.ఎస్. పాడైందని కాదు, ఇంట్లో ఎర్తింగ్ లేదని. ఎస్.ఎం.పి.ఎస్. లోపల గోలను వడకట్టే చిన్న కెపాసిటర్లు ఫేజుకు, న్యూట్రల్‌కు, డబ్బా రేకుకు మధ్య ఉంటాయి. ఎర్త్ వైరు ఉంటే ఆ కొద్ది కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ మీదే నిలిచి, మన చేతి గుండా దారి వెతుక్కుంటుంది. మోతాదు చాలా తక్కువే. కానీ లోపల నిజంగా లీకేజీ వచ్చిన రోజు కాపాడవలసింది ఆ ఎర్త్ వైరే. పాత మేడల్లో, అద్దె గదుల్లో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన మూడో రంధ్రం వెనుక వైరు ఉందని నమ్మకం లేదు. కంప్యూటరు కొనే ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఒకసారి చూపించండి. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల బోర్డులో పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు.

కొన్ని చవక ఎస్.ఎం.పి.ఎస్. ల వెనుక 115, 230 అని మార్చే చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. అది మన దేశంలో ఎప్పుడూ 230 దగ్గరే ఉండాలి. పిల్లలు ఆటగా 115 కు జరిపి ఆన్ చేస్తే ఒక్క క్షణంలో పేలుతుంది. 100 నుంచి 240 వోల్టుల దాకా తానే సర్దుకునే రకం అయితే ఆ స్విచ్చే ఉండదు. లేబుల్ మీద ‘ఇన్‌పుట్’ అన్నచోట ఇది రాసి ఉంటుంది. సాయంత్రాలు వోల్టేజీ పడిపోయే వీధుల్లో ఈ రకం బాగా తట్టుకుంటుంది.

యు.పి.ఎస్. విషయం. 600 వి.ఎ. అని రాసి ఉన్న మామూలు యు.పి.ఎస్. సుమారు 360 వాట్లు ఇస్తుంది. పైన లెక్క వేసిన 150 వాట్ల కంప్యూటరుకు, మానిటరుకు అది చాలు. కరెంటు పోయినప్పుడు యు.పి.ఎస్. అందుకోవడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ సందులో కంప్యూటరును మోసేది ఎస్.ఎం.పి.ఎస్. లోని ఆ పెద్ద కెపాసిటరే. నాసి రకంలో అది చిన్నది వేస్తారు. అందుకే కొన్ని ఇళ్ళలో యు.పి.ఎస్. ఉండి కూడా కరెంటు పోగానే కంప్యూటరు రీస్టార్ట్ అవుతుంది, అందరూ యు.పి.ఎస్. ను తిడతారు. ఇంటి ఇన్వర్టరు మీద నడిపేవారు అది స్క్వేర్ వేవ్ రకమా, సైన్ వేవ్ రకమా అని తెలుసుకోండి. కంప్యూటరుకు సైన్ వేవ్ మంచిది, ఇన్వర్టరు మీద ‘యు.పి.ఎస్. మోడ్’ స్విచ్ ఉంటే దాన్ని ఆన్‌లో ఉంచాలి.

గాలి సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మనవాళ్ళు ఉండే ఊళ్ళు ఒక్క తీరుగా లేవు. షోలాపూర్‌లో ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది, పైగా మగ్గం ఉన్న ఇంట్లో నూలు పొట్టు గాలిలో తేలుతూ ఉంటుంది. అది ఎస్.ఎం.పి.ఎస్. ఫ్యాన్ జాలీకి దూదిలా పేరుకుని గాలి ఆడకుండా చేస్తుంది. బళ్ళారి దుమ్ము మీకు చెప్పనక్కరలేదు. యానాంలో, చెన్నైలో, బరంపురం చుట్టుపక్కల సముద్రపు గాలి తేమ పిన్నులను పాడు చేస్తుంది. ఎస్.ఎం.పి.ఎస్. కొనేటప్పుడు దాని వాట్లను ఏ వేడి దగ్గర కొలిచారో చూడండి. 40 లేదా 50 డిగ్రీలు అని రాసి ఉంటే మంచిది. 25 డిగ్రీలు అని ఉంటే మన మే నెలకు అది సరిపోదు. క్యాబినెట్‌ను గోడకు ఆనించకుండా ఒక జానెడు ఎడం ఉంచాలి, నేల మీద కాకుండా చిన్న పీట మీద పెట్టాలి. ప్లగ్గు తీసి నెలకొకసారి బయటి జాలీని మెత్తటి బ్రష్‌తో తుడిస్తే చాలు.

వైర్ల గురించి రెండు మాటలు

కొనేటప్పుడు కనెక్టర్లు లెక్కపెట్టుకోండి. మదర్‌బోర్డుకు 24 పిన్నులది, ప్రాసెసర్‌కు నాలుగు లేదా ఎనిమిది పిన్నులది, డిస్కులకు కనీసం మూడు శాటా కనెక్టర్లు, కార్డు వేసే ఆలోచన ఉంటే 6 ప్లస్ 2 పిన్నులది ఒకటి. లేని కనెక్టర్‌ను అడాప్టర్ వైరుతో సరిచేస్తామంటారు. పాత నాలుగు పిన్నుల కనెక్టర్ నుంచి శాటాకు మార్చే చవక అడాప్టర్లు, ముఖ్యంగా వైర్లను ప్లాస్టిక్‌లో పోతపోసినవి, లోపల షార్టయి మంటలు రేపిన సందర్భాలు చాలా ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు వైరుకు అడాప్టర్ కావలసి వచ్చిందంటే, ఆ ఎస్.ఎం.పి.ఎస్. ఆ కార్డుకు తయారైంది కాదని అదే చెప్తోంది.

వైర్లు ఊడదీసి పెట్టుకునే మాడ్యులర్ రకం ఉన్నవారికి మరొకటి. ఒక ఎస్.ఎం.పి.ఎస్. తో వచ్చిన వైరును ఇంకోదానికి తగిలించకండి. కంప్యూటరు వైపు కనెక్టర్ ప్రమాణం ప్రకారం ఒకటే. ఎస్.ఎం.పి.ఎస్. వైపు మాత్రం ఏ పిన్నులో ఏ వోల్టేజీ అన్నది కంపెనీ ఇష్టం. సరిగ్గా పట్టినా లోపల 5 రావలసినచోట 12 వస్తే డిస్కు తక్షణం పోతుంది.

షాపులో

బెంగళూరు ఎస్.పి. రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్, ముంబయి లామింగ్టన్ రోడ్డు దాకా వెళ్ళగలిగినవారికి రకాలు ఎక్కువ దొరుకుతాయి, బేరమూ కుదురుతుంది. కానీ వారంటీకి మళ్ళీ అక్కడికే వెళ్ళాలా అన్నది ముందే అడగండి. యానాం నుంచి కాకినాడ, హోసూరు నుంచి బెంగళూరు అంటే పరవాలేదు. బరంపురం నుంచి అంత దూరం మోసుకుపోవడం కుదిరే పని కాదు. మీకు దగ్గరలో సర్వీస్ సెంటర్ ఉన్న కంపెనీది కాస్త ఎక్కువైనా తీసుకోవడమే లాభం. మూడేళ్ళకు తక్కువ వారంటీ ఉన్నది వద్దు. బిల్లు మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు రాయించుకోండి. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామన్న మాటకు లొంగితే వారంటీ కూడా తగ్గినట్టే.

కొటేషన్‌లో క్యాబినెట్, ఎస్.ఎం.పి.ఎస్. రెండు వేర్వేరు వరుసల్లో రాయమనండి. ఇదొక్కటి చేస్తేనే సగం పని అయిపోతుంది, ఎందుకంటే అప్పుడు షాపతను ఒక మోడల్ పేరు రాయక తప్పదు. నా లెక్కలో మానిటర్ కాకుండా మొత్తం ఖర్చులో ఎనిమిది నుంచి పది శాతం దీనికి కేటాయించాలి. డబ్బు చాలకపోతే రంగు రంగుల దీపాల ఫ్యాన్లు, అద్దాల క్యాబినెట్ మానేయండి. అదీ చాలకపోతే రామ్ ఒక మెట్టు తగ్గించి తరువాత వేసుకోవచ్చు. రామ్ తరువాత కలపడం తేలిక.

అంత కూడా లేనివారు పెద్ద కంపెనీల పాత ఆఫీసు కంప్యూటర్లు, రిఫర్బిష్డ్ అని అమ్మేవి కొంటున్నారు. చదువుకు అవి చెడ్డవి కావు, వాటిలోని ఎస్.ఎం.పి.ఎస్. లు సాధారణంగా గట్టివే. అయితే చాలావాటిలో కనెక్టర్ ఆ కంపెనీకే ప్రత్యేకం. పాడైతే బజారులోని మామూలు ఎస్.ఎం.పి.ఎస్. అందులో పట్టదు, అదే మోడల్‌ది వెతకాలి. గ్రాఫిక్స్ కార్డు వైరు కూడా ఉండదు. ఇది తెలిసి కొంటే ఇబ్బంది లేదు.

కంప్యూటరు ఇంటికి వచ్చాక మొదటి రోజు ఒక చిన్న పని చేయండి. ఆన్ చేయగానే డిలీట్ కీ గాని, బోర్డు చెప్పిన ఇంకో కీ గాని నొక్కితే బయాస్ తెర వస్తుంది. చాలా బోర్డుల్లో ‘హార్డ్‌వేర్ మానిటర్’ అనే పేజీ ఉంటుంది. అక్కడ 12 వోల్టుల లైను 11.4 కు, 12.6 కు మధ్య, 5 వోల్టులది 4.75 కు, 5.25 కు మధ్య ఉందో లేదో చూసి ఒక కాగితం మీద తేదీ వేసి రాసిపెట్టండి. ఈ అంకెలు మీటరంత కచ్చితం కావు, కానీ ఆరు నెలల తరువాత మళ్ళీ చూసినప్పుడు పోల్చుకోవడానికి పనికొస్తాయి. 12 ఉండవలసినది 11.3 కు జారిందంటే, లేదా పని మధ్యలో కారణం లేకుండా రీస్టార్ట్ అవుతూ ఉంటే, కాలిన వాసన కోసం ఎదురుచూడకుండా వారంటీ బిల్లు తీసుకుని బయలుదేరండి. మీ పిల్లలు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చదువుకుంటూ తెలుగు చదవలేకపోతే, షాపుకు వెళ్ళే ముందు లేబుల్ గురించి రాసిన భాగం వారికి చదివి వినిపించండి. ఆ గుణకారం వాళ్ళే చేస్తారు.